ఇద్వాల్ వదిలేసిన బంతి

మా లోయలో వాన పడితే
బొగ్గుకి కూడా వాసన వస్తుంది.
అలాంటి వానలోనే స్వాన్సీ మైదానంలో
ఐర్లండ్ మీద, ఆట ఇంకో నిమిషంలో అయిపోతుందనగా,
మా తమ్ముడు ఇద్వాల్ బంతి వదిలేశాడు.

గీత దాకా నాలుగడుగులు.
అడ్డు ఎవడూ లేడు.

వేల్స్ తరఫున వాడు ఆడింది ఆ ఒక్క ఆటే.
ఆడినందుకో టోపీ ఇచ్చారు,
ఎర్ర మఖమలు, బంగారు కుచ్చు.
అమ్మ దాన్ని బైబిలు పక్కన పెట్టి
వారానికోసారి దుమ్ము దులిపేది,
బైబిలు కన్నా ముందు.

ఇక నాలుగేళ్ళు
లోయంతా ఆ బంతిని వాడికి అందిస్తూనే ఉంది.
రొట్టె అమ్మే ప్రిడ్డీ, కాగితం చుట్టిస్తూ
"రెండు చేతులా పట్టుకో నాయనా" అనేవాడు.
గని నోటి దగ్గర దీపాలిచ్చేవాడూ అదే మాట.
బారసాలకి వెళితే పసిబిడ్డని
వాడి చేతికి తప్ప అందరి చేతికీ ఇచ్చేవాళ్ళు.
వాడు నవ్వేవాడు.
చెవులు మాత్రం ఎర్రబడేవి.

రాత్రి పొయ్యి ముందు రేకు తొట్టిలో కూర్చుని
వీపు మాత్రం తోమనిచ్చేవాడు కాదు.
వీపు కడిగితే నడుం బలం పోతుందని
గనివాళ్ళ నమ్మకం.
ఆ నల్లటి పలక మీద నేను తడివేలితో రాసేదాన్ని:
వేల్స్ ఐదు, ఐర్లండ్ ఎనిమిది.
వాడికెలాగూ కనబడదు,
గెలిచినట్టే రాయొచ్చు.
రాయలేదు.
"ఏం రాశావే?" అని అడిగితే
"నీ పేరు" అన్నాను.

తర్వాత ఓ సార్జెంటు వచ్చి
ప్రార్థనామందిరం పక్క హాల్లో బల్ల మీద వాణ్ణి నిలబెట్టాడు.
దేశానికి ఆడినవాడు ముందు నడిస్తే
మిగతావాళ్ళు ఆగుతారా?
క్లబ్బు కుర్రాళ్ళు పదకొండుమంది సంతకాలు పెట్టారు.
దేశం వాడికి రెండు టోపీలు పెట్టింది.
రెండోది ఖాకీ.

మా ఆటలో బంతిని వెనక్కే అందించాలి,
ముందుకి విసిరితే తప్పు.
ఫ్రాన్సులో ఏదో అడవి అంచున
వాడు ముందుకే పోయాడట.
వెనకున్న పదకొండుమందిలో
ముగ్గురు తిరిగొచ్చారు.

కెప్టెన్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది.
"ఒక్క క్షణంలో పోయాడు, ఏ బాధా పడలేదు."
రెండిళ్ళ అవతల మిసెస్ బేనన్ కూడా
తన ఉత్తరం తెచ్చి మా బల్ల మీద పరిచింది.
అవే మాటలు. అదే సిరా.
పేరొక్కటే వేరు.
ఇద్దరం రెండు కాగితాలూ మడిచి
ఎవరిది వాళ్ళం తీసుకున్నామో లేదో
ఇప్పటికీ అనుమానమే.

వాడి వీపు ఎవరు కడిగారో
అందులో రాయలేదు.

ఆ రోజు నుంచి లోయకి మర్యాద వచ్చేసింది.
ప్రిడ్డీ రొట్టెని తలవంచుకుని ఇచ్చేవాడు.
క్లబ్బు గోడలో రాయి పెట్టి
"పొరపాటెరుగని ఆటగాడు" అని చెక్కించారు.
పోయినవాళ్ళ కళ్ళు చారెడంటారు,
మావాడికి చేతులు కూడా చారెడయ్యాయి.
బంతి గురించి ఎవరూ ఎత్తరు.
నేను ఎత్తబోతే మాట మార్చేస్తారు.
రాతిమీదున్న ఆ మనిషెవరో
నాకు పరిచయం లేదు.

యుద్ధం ఆగిన రెండో చలికాలం,
ఓ శనివారం అర్ధరాత్రి,
పావురాల ఎయ్‌నన్ పీకలదాకా తాగొచ్చి
మా తలుపు గుద్దాడు.
"ఆ బంతి పట్టుంటే!
పది షిల్లింగులు కాశాను వాడి మీద!
నా పది షిల్లింగులు!
వెన్న రాసిన చేతులు వెధవకి!"

కొవ్వొత్తి పట్టుకుని అమ్మ మెట్లు దిగింది.
కొడుతుందనుకున్నాను.
కుర్చీ లాగి కూర్చోబెట్టింది.
టీ కాచింది, చక్కెర రెండు చెంచాలు ఎక్కువే వేసింది.
ఎదురుగా కూర్చుని
శాలువా సర్దుకుని అడిగింది:
"మళ్ళీ చెప్పు."

ఎయ్‌నన్ బిక్కచచ్చిపోయాడు.
"అదే అమ్మా... వాన... బంతి తడిసిపోయింది..."
"ఊఁ."
"ఎడమ నుంచి వచ్చింది, కాస్త ఎత్తుగా..."
"ఊఁ."
"మావాడు పరిగెడుతున్నాడు,
జుట్టు కళ్ళలో పడుతోంది,
చేతులు చాపాడు"