ఆరు వారాల కాగితం

పోర్ట్ కెంబ్లాలో తెల్లారే గాలి
ఉప్పునీ ఉక్కుపొడినీ కలిపి మొహాన చల్లుతుంది.
మా పంపుల షెడ్డుకి పని అడగడానికొచ్చిన పిల్ల
లూపే, ఇంజనీరింగు మూడో ఏడు,
ఇంటర్వ్యూకి ఇనపముక్కు బూట్లేసుకొచ్చింది.
సగం అక్కడే నచ్చింది, పైకి అనలేదు.

మార్కుల జాబితా నాలుగు పేజీలు.
థర్మోడైనమిక్స్‌లో డెబ్భై రెండు.
డెబ్భై రెండంటే ఏమిటి?
తెలిసిన డెబ్భై రెండేవో, తెలియని ఇరవయ్యెనిమిదేవో
ఏ యూనివర్సిటీ చెప్పలేదు నాకు.
నా డిగ్రీ కూడా చెప్పలేదు, ఇరవయ్యేళ్ళుగా
గోడమీద బంగారు ఫ్రేములో నోరు మూసుకునే ఉంది.

నాలుగో పేజీ వెనక ఇంకోటి, అరఠావు:
"యంత్ర కంపనాల కొలత. ఆరు వారాలు.
పదకొండు బేరింగులు పరీక్షించింది.
తొమ్మిదింట లోపం సరిగ్గా పట్టింది.
రెండింట పొరబడింది."

పొరబడింది అని ఒప్పుకునే సర్టిఫికెట్
నా చేతికి రావడం అదే మొదలు.

ఇలాంటివన్నీ నమ్ముతానని కాదు.
శని ఆదివారాల్లో నాయకత్వం నేర్పేసే కాగితాలూ చూశాను,
డబ్బు కడితే మెడలో పడే పతకాలూ చూశాను.
అందుకే టీ కూడా ఇవ్వకుండా
నాలుగో నంబరు పంపు దగ్గరికి నడిపించాను.
మంగళవారం నుంచీ అది మూలుగుతోంది.

లూపే సెన్సరు అతికించింది.
తెరమీద గీతలు లేచాయి, కందిరీగల తుట్టె కదిలినట్టు.
"బయటి వలయం పగిలింది.
మూడు వారాలు ఓర్చుకుంటుంది.
నాలుగో వారానికి నేను పూచీ పడను."

వెనకనుంచి మా బ్లగోయ నవ్వాడు.
స్క్రూడ్రైవరు మొన పంపుకీ, పిడి చెవికీ ఆనించి
మంగళవారమే ఆ మాట చెప్పినవాడు.
ముప్పయ్యెనిమిదేళ్ళ చెవి అది.
దానికి కాగితం లేదు.

బీమా కంపెనీ ఉత్తరం నా సొరుగులో ఉంది:
జూలై నుంచి, రుజువు లేని చెయ్యి సంతకం పెట్టరాదు.
వారం రోజులు అతనికి చూపించలేకపోయాను.
చూపించాక, చదివి, నాలుగు మడతలు పెట్టి,
"ఆ పిల్ల చదివిన కోర్సు ఫీజెంత?" అన్నాడు.

ఆ సాయంత్రం నుంచీ క్యాంటీన్లో
అరవయ్యొక్కేళ్ళ విద్యార్థి, ఇరవయ్యొక్కేళ్ళ పంతులమ్మ.
ఆమె గ్రాఫులో శిఖరాలు చూపిస్తుంది.
అతను గ్రీజు రెండు వేళ్ళ మధ్య రుద్ది
వాసన చూడమంటాడు: మాడిందా, ఇంకా లేదా.
ఆ వాసనకి ఏ ఫారంలోనూ గడి లేదు.
లూపే తన నోటుబుక్కులో ఒకటి గీసుకుంది, పెన్సిలుతో.

నిన్న అతని కాగితం వచ్చింది.
పదకొండుకి పది.
ఫ్రేము కట్టిస్తానంటే వద్దన్నాడు,
పనిముట్ల పెట్టె మూత లోపల అంటించుకున్నాడు.
పదకొండోదాని గురించి మాత్రం
పరీక్ష పెట్టినవాళ్ళతో ఫోన్లో పోట్లాడుతూనే ఉన్నాడు:
"తప్పు నాది కాదు, మీ మిషనుది.
విప్పి చూడండి."

వాళ్ళింకా విప్పలేదు.
లూపే అతని పక్షం.
నేను కాగితం పక్షమో చెవి పక్షమో
తేల్చుకోలేదు గానీ,
సోమవారం ఇద్దరికీ ఒకే షిఫ్టు వేశాను.