వెనక్కే ఇవ్వాలి

తవేయూనీ దీవిలో
సముద్రం వెనక్కి తగ్గిన ఇసుక మీద
కొబ్బరి మట్టతో గీత గీశారు.
పాస్టర్ సెవనైయాకి అరవై రెండు.
ఎడమ కంట్లో పొర, కాళ్లకి చెప్పుల్లేవు.

"వచ్చే పదేళ్లకి మీ దర్శనమేంటి?"
నిన్న సంఘ పెద్దలు అడిగితే
టీ చల్లారేదాకా మాట్లాడలేదు.

ఇవాళ బంతి ఆయన చంకలో.
రగ్బీలో ముందుకి విసరకూడదు.
పరుగు ముందుకే,
బంతి మాత్రం వెనక్కే ఇవ్వాలి.

ఇద్దరు మీద పడుతున్నారు.
వెనకెక్కడో మెరెయోని కేక.
పోయిన ఈస్టరుకి ప్రార్థన చెయ్యమంటే
నోరు పెగలని పిల్ల.
ఆయన తిరిగి చూడలేదు,
గొంతు వినపడ్డ వైపు వదిలేశాడు.

నోటి నిండా ఇసుక.
ఎవరో గీత దాటిన అరుపులు.
లేవకుండానే నవ్వి
"పెద్దల్ని పిలవండి," అన్నాడు,
"ఇప్పుడు చెప్తాను."