తొమ్మిది సెకన్ల ఖాళీ

హాలోవీన్‌కి ఇంకా రెండు రోజులు.
ఫైర్ స్టేషన్ కింద నేలమాళిగలో మా రేడియో.
పైన ఇంజను కడుగుతుంటే
సీలింగులోంచి ఒక నీటిచుక్క
సరిగ్గా నా పాటల జాబితా మీద పడి
"దెయ్యం" అన్న మాటని అలికేసింది.
శకునం బాగుందన్నాడు లోర్న్.

రెండు గంటలు, ముప్పై పాటలు.
భయపెట్టాలి, మరీ భయపెట్టకూడదు.
కేప్ బ్రెటన్ తల్లుల షరతు ఇది.
దిండు గలీబుల్లో మిఠాయిలు మోసుకొచ్చిన పిల్లలు
ముఖాల తెల్లరంగు కడుక్కునేలోపు కొన్ని,
వాళ్ళు పడుకున్నాక
పెద్దవాళ్ళ వాటాకి కొన్ని.

గొలుసులు ఈడ్చుకుంటూ నడిచే పాట తీసేశాను,
అచ్చం మా పెరటి కుక్క గొలుసే.
తోడేలు ఊళ పెట్టే పాటలో
గాయకుడికి జలుబు.
ఆర్గన్ మీద పది వేళ్ళూ ఒక్కసారే పడేసి
"ఇక మీ గుండె ఆగాలి" అన్నట్టు ఎదురుచూసే పాట ఒకటి.
మా చర్చిలో యూఫీమియా
ప్రతి ఆదివారం అంతకన్నా భయంకరంగా వాయిస్తుంది.
అస్థిపంజరాలు గెంతే పాట ఉంచాను.
అది విని మా మనవడు
మంచం కిందికి తొంగి చూడటం మానేసి
మంచం మీద గెంతాడు.
మునిగిన పడవ కోసం దీపం పెట్టే భార్య పాట
ఉంచాను, తీశాను, ఉంచాను,
తీసేశాను.
సముద్రం గురించి అబద్ధమాడితే
ఈ ఊరు ఊరుకోదు.

ఇక గంట పాట.
పోయినేడాది నవ్వులాటకి వేశాను.
ఊరూ పేరూ లేని బృందం, చవక రికార్డు,
అట్ట మీద పళ్ళికిలించిన గుమ్మడికాయ.
పాట మధ్యలో వాయిద్యాలన్నీ ఆగి
గంట మూడుసార్లు మోగుతుంది.
అంతే.

మర్నాడు పొద్దున్నే ఫోను.
డల్సీ మెక్‌ఫీ, ఎనభై ఆరేళ్ళు.
ఫిర్యాదేమోనని
క్షమాపణని నాలిక చివర పెట్టుకుని ఎత్తాను.

"మూడు గంటలంటే నీకు టైమే తెలుసు పిల్లా,
నాకు గని తెలుసు.
మూడు కొడితే లిఫ్టులో మనుషులు పైకొస్తున్నారని.
గని మూసి నలభై ఏళ్ళు.
మా రోరీ అంతకు ముందే పోయాడు.
రాత్రి నీ గంట విని
లేచి కెటిల్ పెట్టాను.
రెండు కప్పులు తీశాక గానీ
తెలివి రాలేదు."

భయమేసిందా అని అడిగాను.
ఫోనులో కాసేపు
ఫ్రిజ్ మూలుగు మాత్రమే.

"ముఖం కడుక్కోకుండానే కూర్చునేవాడు,
కుర్చీ నిండా మసి. ఎన్నిసార్లు తిట్టానో.
వచ్చే ఏడాదీ వెయ్యి.
ముందు ఏమీ చెప్పకు.
నాకు తెలియనట్టే ఉండాలి."

అందుకే లోర్న్‌తో ఈ బేరం.
గంట పాట తర్వాత
ప్రకటన వద్దు, నా గొంతు వద్దు,
ఏమీ వద్దన్నాను.
"రేడియోకి అసలు దెయ్యం అదే మురియెల్," అన్నాడు,
"ఏమీ లేకపోవడం.
పది సెకన్లు దాటితే అలారం మోగుతుంది,
ఆ చలిలో టవర్ దగ్గరికి కొండెక్కేది నేను."
పన్నెండు అడిగాను. ఆరన్నాడు.
రేవులో చేపల బేరంలా
తొమ్మిదికి తెగింది.

తడిసిన కాగితం మీద
బాల్‌పెన్ను జారుతోంటే రాశాను:
ఇరవై రెండు, గంట పాట.
ఇరవై మూడు, ఖాళీ.

తొమ్మిది సెకన్లలో నీళ్ళు మరగవు.
ఒక కుర్చీ
బల్ల కిందనుంచి వెనక్కి జరపడానికి
సరిపోతాయి.