వేలిముద్ర

పద్దెనిమిదేళ్లు ఐసునీళ్లలో
రొయ్యల తలలు తీసింది మరిడమ్మ,
భీమవరం అవతల, ఉండి రోడ్డు ఫ్యాక్టరీలో.

జీతం చీటీలో పీఎఫ్ కోత చూపించి
"ఇదెవరు తింటన్నారే?" అనేది.
"నువ్వే. అరవయ్యేళ్ల నువ్వు."
"ఆవిడెవరో నాకు తెలీదు.
నా టీ డబ్బులన్నీ ఆవిడకేనా!"

మొన్న నవంబరులో, మీసేవ బల్ల దగ్గర
బతికున్నట్టు రుజువడిగింది మిషను.
బొటనవేలు పెట్టింది.
కొంగుకి తుడిచి మళ్లీ పెట్టింది.
పది వేళ్లూ అయిపోయాయి.
గీతలన్నీ రొయ్యపొట్టుతో పాటే
ఎప్పుడో మురుక్కాలవలో కొట్టుకుపోయాయి.

"కన్ను ఇక్కడ పెట్టమ్మా" అన్నాడు కుర్రాడు.
రెప్ప వెయ్యకుండా చూసింది,
ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు.
పచ్చదీపం వెలిగింది.

మెట్లు దిగుతూ నా చెయ్యి పట్టుకుంది:
"టీ తాగుదాం పదవే.
ఆవిడ ఇప్పిత్తానంది."