రేకుముక్క

మొదట్ల అది ఒట్టి రేకుముక్క.
జర్దా డబ్బా మూత కత్తిరించి
మా బాపు పడుగు పోగుకు వేలాడేసిండు.
పోగు తెగితే రేకు పడాలె,
పడితే చప్పుడు కావాలె,
చప్పుడైతే బాపు ఉరకాలె.

సిరిసిల్లల ఎనిమిది సాంచాలు
ఒక్కడే నడిపే రాత్రి
ఏ మూలన తెగిందో ఎట్ల ఎరుక?
తెల్లారి ఆసామి బట్ట పరిచి
వెంట్రుకంత గీత చూపి పైసలు కోస్తడు.

సాంచాల మోతల రేకు చప్పుడెంత!
కింద మొల కొట్టి, తీగ గుంజి,
రెండు సెల్లులకు కాలింగ్ బెల్లు కట్టిండు.
రేకు పడ్డది. బెల్లు మోగలే.
మూత మీది రంగు గీకాలని తెలిసేసరికి
వానకాలం ఎల్లిపోయింది.
గీకినంక మోగింది,
మోగితే వినబడలే.
బెల్లు విప్పి చార్జిలైటు బల్బు పెట్టిండు.
"సాంచా నడుపుమంటే సైన్సు నడుపుతున్నవేందివయా"
అని నవ్విన ఆసామే
బల్బు వెలిగిన నాడు
ఇంకో ఏడు చెయ్యుమన్నడు.
పైసల ముచ్చట తియ్యలే.

ఎల్లారెడ్డిపేట మేనమామ ఓదేలు
మక్కచేను చుట్టూ దారం కట్టించుకున్నడు.
మూలకు పడ్డ బెల్లుకు మళ్ల పానమొచ్చింది.
పంది కాలు తాకి దారం తెగంగనె
చీకటంత గణగణ.
"పోగు తెంపెటోళ్లు ఏడికి పోయినా ఉంటరు"
బాపు బీడి ముట్టించుకున్నడు.

అవ్వకు కడుపు కోసిన యేడు
కరీంనగర్ పెద్దాసుపత్రి, గోడ పక్క మంచం.
సెలైన్ అయిపోతే
నెత్తురు గొట్టంల పైకి పాకుతదని
నాకు ఎవరూ చెప్పలే.
నేను కునుకు తీసిన.
కండ్లు తెరిస్తే
జానెడు ఎర్రటి పోగు.

బాపు నన్నేమనలే.
తొలి బస్సుకు పోయి పొద్దుమూకినంక వచ్చిండు,
సంచిల రేకుముక్క, బెల్లు,
సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు.
రబ్బరుకు సీసా వేలాడేసిండు.
బరువు తరిగినకొద్ది సీసా పైకి లేస్తది,
లేచి లేచి మొలను ముడుతది.
ఇన్నేండ్లు పడుడే తెలిసిన రేకు
ఆ రాత్రి లేచుడు నేర్చుకున్నది.

మోగితే వార్డంత లేచి తిట్టింది.
బెల్లుకు దూది చుట్టిండు.
గిప్పుడది ఎవరో
గొంతు సవరించుకున్నట్టు మోగుతది.

పక్క మంచపోళ్లు ఒకటి అడిగిన్రు.
సిస్టరమ్మ మూడు అడిగింది,
"దీని పేరేంది తాతా?"

బాపు సీసా దిక్కు చూసిండు,
గోటితోని రేకు అంచు గీకిండు.
"ఇంక కాలే బిడ్డా.
ఎండకాలం ఈ రబ్బరు సాగుతది."