పదకొండు జతలు

అతిథి అంటే తిథి చెప్పకుండా వచ్చేవాడని
మా తెలుగు మాస్టారు అనేవారు.
నా అతిథులు తిథి చూసుకునే వస్తారు.
మూడింటికి తాళం, మర్నాడు పదింటికి ఖాళీ,
ఈలోగా ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద
నేను రాసిపెట్టిన తొమ్మిది నియమాలు.

ఒక్కో నియమం వెనక ఒక్కో మనిషి.
మూడోది, కొవ్వొత్తులు వెలిగించరాదు:
లెస్టర్ నుంచి కొత్త జంట, ఒక కర్టెన్.
ఐదోది, జుట్టుకి రంగేసుకుని తెల్ల తువ్వాళ్ళు ముట్టరాదు:
ఆవిడ పేరు మర్చిపోయాను, ఆ ఊదారంగు మర్చిపోలేదు.
ఆరోది, బతికున్న పీతల్ని స్నానాల తొట్టిలో ఉంచరాదు.
దాని గురించి అడక్కండి.

నలుగురికి మించరాదన్నది మొదటిది.
బూట్లు గుమ్మం దగ్గరే విడవాలన్నది రెండోది.

శనివారం రాత్రి పదిన్నర, విట్బీ మీద వాన.
కింద వాటాలో పాట.
పక్కింటి మౌరీన్ చీపురుకర్రతో గోడ కొట్టింది.
రెండుసార్లంటే, వినిపిస్తోంది.
మూడుసార్లంటే, కౌన్సిల్‌కి రాస్తాను.
మూడుసార్లు కొట్టింది.
ధనుంజయ్ దుప్పటి ముక్కుదాకా లాక్కుని
"నువ్వెళ్తే మర్యాదగా ఉంటుంది" అన్నాడు.

కోటు తొడుక్కుని మెట్లు దిగుతూ
మాటలు కూర్చుకున్నాను.
ఇంగ్లీషులో కోప్పడటం నాకింకా
కదులుతున్న బస్సు ఎక్కడమే.

గుమ్మం దగ్గర ఆగిపోయాను.
బూట్లు.
గోడకి ఆనించి, వరసగా, బుద్ధిగా,
మేకుల బూట్లు, బురద ఇంకా పచ్చిగా,
ఒకదానికి గడ్డిపోచ అంటుకుని.
నాలుగు లెక్కపెట్టాను. ఐదు. ఏడు.
పదకొండు దగ్గర వరస ఆగింది.
పదకొండంటే జట్టు.
రెండో నియమం తుచ తప్పకుండా పాటించి
మొదటిది విరగ్గొట్టామని
తామే సాక్ష్యం పెట్టి వెళ్ళారు, పిచ్చితల్లులు.

మేమైతే దాచేవాళ్ళం.
లీడ్స్‌లో చదువుకునే రోజుల్లో
రెండు గదుల్లో తొమ్మిదిమందిమి,
కాగితం మీద ముగ్గురం.
ఇంటాయన వస్తున్నాడంటే
చెప్పులన్నీ స్నానాల తొట్టిలో పోసి తెర లాగేసేవాళ్ళం.
ఒకసారి ఆయన సింకు దగ్గర నిలబడి
గ్లాసులో పళ్ళబ్రష్షులు లెక్కపెట్టాడు,
పెదవి కదపకుండా, తొమ్మిదిదాకా.
"ముగ్గురికీ పళ్ళ మీద శ్రద్ధ ఎక్కువే" అని వెళ్ళిపోయాడు.
పై నెల అద్దె మాత్రం పెంచాడు.

తలుపు కొట్టాను. పాట టక్కున ఆగింది.
తెరిచిన పిల్ల మోకాలికి
గడ్డకట్టిన బఠాణీల సంచి కట్టుకుని ఉంది,
నా ఫ్రీజర్‌లోదే.
"ఓడిపోయారా?"
కూర్చుకున్న మాట అది కాదు.
"ఏడు-సున్నా" అంది.
మిగతా వాళ్ళని హల్ తీసుకెళ్ళాల్సిన వ్యాను
కొండదారిలో ఆగిపోయిందట.
దాని వెనక సోఫా నిండా, కార్పెట్ నిండా పిల్లలు.
ఒకతె దిండ్ల మధ్య ఊపిరి బిగబట్టి నన్నే చూస్తోంది,
కదలకపోతే లెక్కలోకి రానట్టు.

జాలిపడ్డానని అనుకోకండి.
తలకి పన్నెండు పౌండ్లు, ఏడుగురికి ఎనభై నాలుగు,
అక్కడికక్కడే ఫోన్లో వేయించుకున్నాను.
పాట బంద్. కిటికీలు మూత. పదంటే పదే.
పదకొండు తలలూ ఊగాయి,
ఆ రోజు మైదానంలో ఒక్కసారైనా
అంత కలిసికట్టుగా కదిలి ఉండరు.

"పంపేశావా?" అన్నాడు ధనుంజయ్ నిద్రలో.
"లెక్క సరిచేశాను" అన్నాను.

పొద్దున తొమ్మిదిన్నరకే ఖాళీ చేశారు.
నేల తుడిచారు, మూలలు వదిలేసి.
బఠాణీల సంచి తిరిగి ఫ్రీజర్‌లో పెట్టారు.
కరిగి, మళ్ళీ గడ్డకట్టి, ఒకే ముద్దయి,
మోకాలి గుంట దాంట్లో అలాగే ఉంది.

పదో నియమం రాద్దామని పెన్ను తీశాను.
అవతల మౌరీన్ గోడ మీద ఒక్కసారి కొట్టింది.
ఒక్కసారంటే ఏమిటో
మేమింకా అనుకోలేదు.