జిల్లేడు మొలిచిన ఇల్లు

తిట్లలో పెద్ద తిట్టు మా గుంటూర్లో అదే:
నీ కొంపలో జిల్లేళ్ళు మొలవ.
మా కొంపలో మొలిచింది.
పంపు పక్కన, గోడ చిట్లిన చోట,
ఎవరి నోటా పడకుండానే.

పీకబోయాను, ఒట్టు.
చెయ్యి వేసేసరికి ఒక తుమ్మెద,
తారు డబ్బాలో ముంచి తీసినంత నల్లది,
రెక్కల్లో మాత్రం కాస్త నీలం,
పువ్వు మీద కూచుని తన పని చూసుకుంటోంది.
నేను మిర్చి యార్డులో కాటా గుమస్తాని.
పని మధ్యలో ఉన్నదాన్ని లేపడం
నాకు చేతకాలేదు.

యార్డులో టిక్కీ విప్పితే
ఘాటు కంటే ముందు మందు వాసనొస్తుంది.
నల్ల తామరకి ఎన్నిసార్లు కొట్టావయ్యా అంటే
ప్రత్తిపాడు రైతు వేళ్ళు మడుస్తూ
రెండో చేతికి వెళ్ళి ఆగిపోయాడు.
మీ చేలో తుమ్మెదలున్నాయా అని అడగబోయి
తూకం రాసుకున్నాను.

పిట్టగోడ మీంచి హనుమాయమ్మ గారు:
"పాలు కంట్లో పడితే పిల్ల గతేంటి?
పైగా దరిద్రం. కొట్టించెయ్."
కంటి మాట నిజమే. చుట్టూ తడిక కట్టాను.
దరిద్రమంటారా,
అది జిల్లేడు కంటే ముందే వచ్చిందండీ అన్నాను.
ఆవిడ నవ్వలేదు.

మే నెలలో నేను లేనప్పుడు
కాలవ పూడిక తీసేవాళ్ళు మొదలంటా నరికారు.
తొలకరికి మూడు కొమ్మలై లేచింది.
ఆకుల కింద చారల పురుగులు,
నలుపూ పసుపూ తెలుపూ.
మా శమంత నోటుబుక్కులో రాసింది: పదకొండు.
ఆకుల నిండా చిల్లులు,
చిల్లుల్లోంచి నేల మీదికి ఎండ చుక్కలు.
ఓ పూట ఏడే ఉన్నాయని ఏడుపు.
మూడు, గేటు అడుగున తలకిందులుగా
పచ్చ లోలాకుల్లా దొరికాయి.
నాలుగోదాన్ని కందిరీగనే అడగాలి.

రథసప్తమి నాడు ఇంకా చీకటుండగా
గేటు చప్పుడు.
హనుమాయమ్మ గారు, చేతిలో ఇత్తడి పళ్ళెం.
"ఏడాకులు కావాలి."
చిల్లులున్నవే ఉన్నాయండీ అన్నాను.
టార్చి వేసి ఒక్కో ఆకూ చూసింది.
ఒకటి తిప్పి, అడుగున ఏం కనిపించిందో,
తెంపకుండా మెల్లగా వదిలింది.
ఆరు దొరికాయి.
"చాల్లే, సూర్యుడు సర్దుకుంటాడు"
అని గొణుక్కుంటూ
తడిక తాడు తనే బిగించి కట్టి
స్నానానికి వెళ్ళిపోయింది.